బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత తిండి: అంబలి, పఖాళ, పప్పుకట్టుల అసలు లెక్క

విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని, రైలు దిగి దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ చేరేవాళ్ల సంచిలో మందుల కవరుతో పాటు ఒక డైట్ షీటు కూడా ఉంటుంది. క్లియర్ లిక్విడ్స్, ఫుల్ లిక్విడ్స్, ప్యూరీ, సాఫ్ట్ డైట్ అని నాలుగు గళ్లు. గడికి నాలుగైదు పేర్లు: సూప్, జ్యూస్, ఓట్స్, యోగర్ట్. ఇంట్లో ఉన్న సరుకు వేరు. పొయ్యి మీద చోడి (రాగి) అంబలి, కుండలో తరవాణి (అన్నం ఊరి పులిసిన నీళ్లు), డబ్బాలో ముడి (మరమరాలు), మధ్యాహ్నానికి దాల్మా (కూరగాయలు వేసిన పప్పు). 1936లో ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు గీత ఊళ్ల మధ్య పడింది గానీ వంటిళ్ల మధ్య పడలేదు. అందుకే ఇక్కడి ప్రశ్నలకు ఆ షీటులో జవాబు దొరకదు. గంజి ఏ గడిలోకి వస్తుంది? నీళ్లలాగే ఉంది కదా, అంబలి మొదటి వారమే పట్టొచ్చా? పఖాళ, అంటే నీళ్లలో ఊరిన అన్నం, మళ్లీ ఎప్పుడు?

వీటికి అవుననో కాదనో చెప్పేస్తే మర్నాడు ఇంకో వంటకం పేరుతో అదే ప్రశ్న తిరిగి వస్తుంది. షీటులోని ప్రతి నియమం మూడు కారణాల్లో ఏదో ఒకదాని కోసం పుట్టింది. కుట్లు మానాలి. చోటు చాలదు. తిన్నది ఒంటబట్టదు. ఏ నియమం ఏ కారణానిదో తెలిస్తే ఏ వంటకాన్నైనా దాని గడిలో పెట్టుకోవచ్చు.

లోపల ఏం మారింది: స్లీవ్, బైపాస్

మామూలు పొట్ట నిండుగా తింటే లీటరు, లీటరున్నర దాకా సాగుతుంది. స్లీవ్ ఆపరేషన్‌లో అందులో 75 నుంచి 80 శాతం కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం, 100 నుంచి 150 మి.లీ. పడుతుంది. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది కోసేసిన ఆ పైభాగంలోనే. మొదటి నెలల్లో ఆకలే వేయడం లేదని చాలామంది కంగారుపడటానికి కారణం ఇదే.

బైపాస్‌లో పొట్టను తీసెయ్యరు, పక్కన పెడతారు. పైన 30 మి.లీ. మాత్రం పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. తిన్నది పాత పొట్టనూ చిన్నపేగు మొదటి భాగాన్నీ ముట్టుకోకుండానే పోతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా పీల్చుకునేది ఆ మొదటి భాగమే. మినీ బైపాస్ అని మన దేశంలో బాగా జరిగేది కూడా ఈ కోవదే. సంచి కాస్త పొడుగు, పేగుతో అతుకు ఒక్కటే.

మొత్తం మీద స్లీవ్‌లో ప్రధానంగా చోటు తగ్గుతుంది. బైపాస్‌లో చోటు తగ్గుతుంది, దారి కూడా మారుతుంది. పక్కింటావిడకు స్లీవ్ అయి ఆమె రసగుల్లా తిన్నా ఏమీ కాలేదంటే, బైపాస్ అయినవాళ్లకు అది ధైర్యమివ్వాల్సిన సంగతి కాదు.

మొదటి ఆరు వారాలు: కుట్ల కోసం కట్టిన మెట్లు

నాలుగు మెట్ల వెనక ఉన్నది ముందుగా కుట్ల భయం. పొట్ట కోసిన గీత వెంట స్టేపుల్స్ ఉంటాయి, లోపల వాపు ఉంటుంది. గట్టి ముద్ద వచ్చి ఒత్తినా, వాంతి వచ్చి లోపలి ఒత్తిడి పెరిగినా ఆ గీతకు శ్రమ. మెట్ల గడువు ఆసుపత్రిని బట్టి మారుతుంది. ఎక్కువచోట్ల తేట ద్రవాలు ఒకటి రెండు రోజుల నుంచి వారం దాకా, చిక్కటి ద్రవాలు రెండో వారం చివరికి, మెత్తగా రుబ్బినవి మూడు నాలుగు వారాల్లో, మెత్తటి ముక్కలు ఐదు ఆరు వారాల్లో, ఆ తర్వాత మామూలు తిండి.

తేట అంటే ఏది? గాజు గ్లాసులో పోసి వెనక వార్తాపత్రిక పెట్టండి. అక్షరాలు చదవగలిగితే తేట. టెంకాయ నీళ్లు, వడగట్టిన బార్లీ నీళ్లు, కారం లేని వడగట్టిన చారు, నూనె తీసేసిన చికెన్ ఉడికిన నీళ్లు ఈ పరీక్షలో నెగ్గుతాయి. గంజి నెగ్గదు, మజ్జిగ నెగ్గదు. అవి రెండో మెట్టువి. అంబలి జారుడుగా కాచి, పిండి ఉండలు లేకుండా వడగడితే రెండో మెట్టుకు చేరుతుంది. తరవాణి, అంటే ఒడియా ఇళ్లలో తోరాణి అనేది, మాత్రం నీళ్లలా కనిపించినా మొదటి రెండు నెలల్లో ఏ మెట్టుకూ చెందదు. ఎన్ని గంటలు ఊరింది, ఏ నీళ్లు పోశారు, రాత్రి ఎంత ఉక్కగా ఉంది అన్నది కొలతకందదు. దానివల్ల వాంతో విరేచనమో పట్టుకుంటే నష్టం లాభానికి వందరెట్లు.

ఈ మెట్టులో అందరినీ ఓడించేది తిండి కాదు, నీళ్లు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి పోవాలి. ఒక్కసారి గ్లాసెత్తి తాగే చోటు లేదు. దగ్గు మందు సీసాకు వచ్చే కొలత మూతలు రెండు మూడు కలిపితే 30 మి.లీ. అవుతుంది. పావుగంటకు 30 చొప్పున గంటకు 120. మెలకువగా ఉండే 14 గంటల్లో 1,680 మి.లీ. లెక్క సరిపోయింది. కానీ రెండు గంటలు మరిచి నిద్రపోతే 240 మి.లీ. పోయినట్టే, దాన్ని తర్వాత ఒక్క దెబ్బలో పూడ్చుకునే వీలు లేదు. వేసవిలో గంజాం ఎండకు మూత్రం చిక్కటి పసుపు రంగుకు తిరగడం ఈ లెక్క తప్పిందనడానికి మొదటి గుర్తు.

మూడో మెట్టులో దాల్మా బాగా పనికొస్తుంది. కందిపప్పు, బొప్పాయి, గుమ్మడి, అరటికాయ ఉడికించి మిక్సీలో తిప్పేయొచ్చు. మునగకాడలు మాత్రం వేయకూడదు, దాని పీచు మిక్సీకి లొంగదు. చెంచాతో తీసి వంచితే బొట్టుబొట్టుగా జారాలి, నాలుకకు పలుకు తగలకూడదు. నాలుగో మెట్టుకు పరీక్ష చెంచా వెనక వైపుతో నొక్కి చూడటం. నొక్కితే మెదిగిపోవాలి. పప్పులో నానిన ఇడ్లీ మెదుగుతుంది. పొడి ఇడ్లీ చట్నీలో ముంచి తింటే లోపల ముద్దకట్టి కూర్చుంటుంది. అదే ఇడ్లీ, తినే తీరులోనే తేడా.

చోడి అంబలి బలమే, కానీ దేనికి?

చోడి మీద మన్యంలోనూ కోస్తాలోనూ ఉన్న నమ్మకం ఉత్తిది కాదు. వంద గ్రాముల చోడిపిండిలో దాదాపు 340 మి.గ్రా. కాల్షియం ఉంటుంది, ధాన్యాలన్నిటిలో అదే మిన్న. కానీ తాగేది వంద గ్రాములు కాదు. గ్లాసు అంబలికి పట్టేది పాతిక గ్రాముల పిండి. అందులో కాల్షియం 85 మి.గ్రా., ప్రొటీన్ రెండు గ్రాముల లోపు. గంజి సంగతి ఇంకా పలుచన. వంద గ్రాముల అన్నంలోనే ప్రొటీన్ రెండున్నర గ్రాములు, ఇక దాన్ని ఉడికించిన నీళ్లలో ఏం మిగులుతుంది?

ఆపరేషన్ అయినవాళ్లకు రోజుకు కనీసం 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. అంతకు తగ్గితే ఒంట్లో కరిగేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. తూకంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే మోసం. రోజుకు ఆరు గ్లాసుల అంబలి తాగి "పొట్ట నిండింది, బరువూ తగ్గుతోంది" అనుకునేవాళ్లకు దక్కింది 12 గ్రాముల లోపే. మూడో నెల దాటాక జుట్టు కుచ్చులుగా ఊడటం మొదలవుతుంది. కొంత ఊడటం వేగంగా బరువు తగ్గినందువల్లే, ఆరేడు నెలలకు తిరిగి వస్తుంది. ప్రొటీన్, ఇనుము తక్కువైతే మాత్రం ఎక్కువ ఊడుతుంది, ఆలస్యంగా వస్తుంది.

పప్పుకట్టు దగ్గరా ఇదే పొరపాటు. 30 గ్రాముల పెసరపప్పులో ఏడు గ్రాముల ప్రొటీన్ ఉంది. పైన తేరిన నీళ్లు మాత్రమే వంచి ఇస్తే అందులో కొద్ది భాగమే వస్తుంది, మిగతాది అడుగున పప్పులోనే ఉండిపోతుంది. మొదటి వారం తేట కావాలి గనుక కట్టు సరే. రెండో వారం నుంచి పప్పు మొత్తం మెదిపి పలుచగా చేసి ఇవ్వాలి. అంబలిని కూడా ఇలాగే మార్చుకోవచ్చు. నీళ్లకు బదులు పాలల్లోనో, చల్లారాక పెరుగు గిలకొట్టో చేస్తే గ్లాసుకు రెండు గ్రాములు ఐదారు గ్రాములవుతుంది.

మూడో నెలలో ఒక రోజు: 60 గ్రాముల లెక్క

పూటకు అరకప్పు మించి పట్టని పొట్టలోకి 60 గ్రాములు ఎలా వెళ్తాయో వేసి చూద్దాం. చేపలు, మాంసం తినే ఇల్లనుకుందాం. పొద్దున ఒక ఉడికిన గుడ్డు, ఇంకో గుడ్డు తెల్లసొన: తొమ్మిది గ్రాములు. పదింటికి 200 మి.లీ. పాలు: ఆరున్నర. మధ్యాహ్నం 60 గ్రాముల చేప ముక్క, చిక్కటి పప్పు కాస్త, చివర రెండు చెంచాల అన్నం: పదహారు. నాలుగింటికి 50 గ్రాముల ఛెనా (పాలు విరగ్గొట్టి తీసినది), పంచదార లేకుండా: తొమ్మిది. ఆరింటికి వంద గ్రాముల పెరుగు: మూడు. రాత్రి 50 గ్రాముల చికెన్ ఖీమా: పదమూడు. పడుకునేముందు 150 మి.లీ. పాలు: ఐదు. మొత్తం 61 చిల్లర. పొడి డబ్బా ముట్టుకోకుండానే అందింది.

ఇప్పుడు శాకాహారి ఇల్లు. లేదా ఇదే ఇల్లు, కార్తీక మాసంలో. ఒడియా ఇరుగుపొరుగుతో పాటు నెలంతా చేప ముట్టనివాళ్లు ఈ జిల్లాల్లో తెలుగువాళ్లలోనూ తక్కువేం కాదు. 30 గ్రాముల పెసరపప్పుతో పెసరట్టు ఏడు, పాలు ఆరున్నర, మధ్యాహ్నం చిక్కటి పప్పు ఏడు, ఛెనా తొమ్మిది, పాతిక గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి తురిమి వండితే పదమూడు, పెరుగు మూడు, రాత్రి పాలు ఐదు. కూడితే యాభై చిల్లర. పది తక్కువ. ఇక్కడే అర స్కూపు ప్రొటీన్ పొడి లెక్కను పూడుస్తుంది. పొడి వ్యాపారమా, అవసరమా అని వాదించుకునేవాళ్లు ముందు ఈ కూడిక వేసుకోవడం మంచిది.

ఉపవాసం మాటా ఇక్కడే. నక్షత్రాలు చూసేదాకా ఏమీ తినకపోవడం అంటే ఏడు పూటల్లో ఐదు పోయినట్టు. పోయిన నలభై గ్రాములను అరకప్పు పొట్టలోకి రాత్రి ఒక్కసారిగా దింపలేం. నీళ్లు కూడా మానే ఉపవాసమైతే మొదటి ఏడాదిలో ప్రమాదమే.

మెతుకు అడ్డం పడటం, నీళ్ల నియమం

గుండె వెనక రాయి పెట్టినట్టు బిగుతు, నోట్లో నురుగులాంటి ఉమ్మి ఊరిపోవడం, చివరికి ముద్ద అలాగే తిరిగి రావడం. దీన్ని చూసి ఇంట్లోవాళ్లు ఆపరేషన్ చెడిందనుకుంటారు. చాలాసార్లు చెడింది నమలడం. ముద్ద చిన్నగోరంత ఉండాలి, ఇరవై ముప్పై సార్లు నమలాలి, పూట భోజనానికి ఇరవై ముప్పై నిమిషాలు పట్టాలి. అడ్డం పడే తిండికి ఒక పోలిక ఉంది. వేళ్ల మధ్య నలిపితే ముద్దయ్యేవి, పీచుగా సాగేవి: బ్రెడ్డు, చపాతీ, మళ్లీ వేడిచేసిన అన్నం, ఎండిపోయిన చికెన్ ముక్క, పనస తొనల పీచు, కమలా తొక్కపొర. చేపల్లో చిన్నవాటి ముళ్లు ఎంత నమిలినా నమ్మలేం. ముళ్లు తేలిగ్గా విడిపోయే పెద్ద చేపలు మేలు.

అడ్డం పడినప్పుడు నీళ్లు తాగి దింపుదామనుకోవడం సహజం. కింద మూసుకుపోయిన గొట్టంలో పైన నీళ్లు పోసినట్టవుతుంది, నొప్పి పెరుగుతుంది. లేచి నిలబడి, నెమ్మదిగా నడిచి, తినడం ఆపేస్తే చాలాసార్లు అరగంటలో సర్దుకుంటుంది. వరసగా రోజూ అడ్డం పడుతుంటే, లేదా నీళ్లు కూడా దిగకపోతే, అతుకు దగ్గర ఇరుకైందేమో డాక్టరు చూడాలి.

భోజనంతో పాటు, తర్వాత అరగంట దాకా నీళ్లు తాగొద్దనే నియమం పఖాళ దగ్గరికే వచ్చి ఆగుతుంది. పఖాళ అంటే అన్నం, నీళ్లు ఒకే ముద్దలో. ఉన్న అరకప్పు చోటులో సగం నీళ్లే ఆక్రమిస్తాయి. ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. రెండు మూడు నెలలు దాటాక నోరూరితే దారి లేకపోలేదు. ముందు చేప ముక్క తినేసి, ఆ తర్వాత నీళ్లు పూర్తిగా వార్చిన పఖాళ రెండు మూడు చెంచాలు, అదీ ఆ పూట ఊరిందే. పక్కన బడిచూరా (వడియాల పొడి) కొరికితే గట్టి పలుకులు, కాబట్టి మెత్తగా నూరుకోవాలి.

బేల్ పణా తాగిన ఇరవై నిమిషాలకు

పణా సంక్రాంతి నాడు బెల్లం, పాలు, మారేడు గుజ్జు కలిపిన బేల్ పణా గ్లాసుడు తాగారనుకుందాం. బైపాస్ అయిన ఒంట్లో ఆ తీపి నేరుగా చిన్నపేగులోకి పడుతుంది. పేగు దాన్ని పలుచన చేయడానికి రక్తంలోంచి నీళ్లు లాక్కుంటుంది. పది నుంచి ముప్పై నిమిషాల్లో కడుపులో మెలి, గుండె దడ, చెమట, విరేచనం, పడుకోవాలనిపించే నీరసం. దీన్ని డంపింగ్ అంటారు, ఇది తొలి రకం.

రెండో రకం ఇంకా తికమకది. అదే పణా ఉదయం పదకొండుకు తాగితే ఒంటి గంటకు చేతులు వణకడం, కళ్లు తిరగడం. తీపి ఒక్కసారిగా రక్తంలోకి చేరడంతో ఒళ్లు అవసరానికి మించి ఇన్సులిన్ వదిలింది. ఇప్పుడు షుగర్ 70 కన్నా కిందికి పడిపోయింది. ఆ క్షణానికి మూడు చెంచాల పంచదార నీళ్లు కావాల్సిందే, తర్వాత గుడ్డో పెరుగో తినాలి. కానీ తరచూ ఇలా అవుతుంటే మందు తీపి కాదు, పొద్దున తాగిన తీపిని మానడం. ఛెనాపొడ, అరిసెలు, చెరకు రసం, పళ్ల రసాలు అన్నీ ఈ వరసలోవే. స్లీవ్ అయినవాళ్లకు ఇది తక్కువ, అసలు రాదని కాదు.

ఈ రెండో రకానికీ, పాత షుగర్ మందులు తగ్గించకుండా వాడటం వల్ల వచ్చే లోషుగర్‌కూ పైకి తేడా కనిపించదు. ఆపరేషన్ అయిన రోజుల్లోనే షుగర్ తగ్గడం మొదలవుతుంది. ద్రవాల మీదున్న మనిషికి పాత మోతాదులో ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ ఇస్తే పడిపోతారు. బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ చేసేవి, అలాగే. ఊరి డాక్టరుకు ఆపరేషన్ సంగతి చెప్పకుండా పాత చీటీ చూపించి అవే మాత్రలు తెచ్చుకోవడం ఇందుకే ప్రమాదం. గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్ష కూడా బైపాస్ అయినవాళ్లకు డంపింగ్ తెప్పించగలదు. వారం పాటు ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకునే పద్ధతి ఉంది, అడగొచ్చు. అసలు ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దనే చెబుతారు.

వాంతులు, గ్లూకోజు బాటిల్, బెరిబెరి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఆపరేషన్ అయిన నెలా రెండు నెలలకు ఒకరికి రోజూ వాంతులు. నీరసం. దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తారు, బలానికని గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు. మామూలు మనిషికి అది మేలే చేస్తుంది. ఈ మనిషికి మెదడు దెబ్బతినొచ్చు.

కారణం థయమిన్ అనే బి1 విటమిన్. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. తిండి తక్కువై, వాంతులు పట్టుకుంటే అది అడుగంటుతుంది. గ్లూకోజును శక్తిగా మార్చడానికి థయమిన్ కావాలి. థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన నాలుగు చుక్కలు కూడా ఖర్చయిపోతాయి. అప్పుడు వచ్చేది వెర్నికే ఎన్‌సెఫలోపతి. కనుగుడ్లు కొట్టుకోవడం, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమక. ఇవన్నీ కలిసి రావాలనేం లేదు. కాళ్లు తిమ్మిరెక్కి, లేవలేకపోవడం కూడా ఈ లోపం వల్ల జరుగుతుంది.

ఇది ఈ తీరానికి కొత్త కథ కాదు. గత శతాబ్దం తొలి సగంలో ఉత్తర సర్కారుల కోస్తాలో బెరిబెరి ఉండేది. మర పట్టి తెల్లగా చేసిన పచ్చి బియ్యం తినేవాళ్లకు తవుడుతో పాటే థయమిన్ పోయేది. ఉప్పుడు బియ్యం, అంటే ఒడియావాళ్ల ఉసునా, తినేచోట ఆ బాధ తక్కువ. వడ్లు ఉడికేటప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోకి ఇంకుతుంది. ఆ లోపమే ఇప్పుడు ఆపరేషన్ దారిన మళ్లీ తలుపు తడుతోంది.

అందువల్ల వాంతులతో వెళ్లినప్పుడు నోటితో చెప్పాల్సిన మాట ఒక్కటి: "పొట్ట ఆపరేషన్ అయింది, గ్లూకోజుకు ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి." మోతాదు, తీవ్రతను బట్టి 100 నుంచి 500 మి.గ్రా. దాకా, డాక్టరు తేలుస్తారు. గ్లూకోజు లేని ఉత్త ఉప్పు సెలైన్‌తో నీటి లోటు తీర్చడం మొదలుపెట్టొచ్చు. ఈ రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయించి ఆపరేషన్ కార్డు వెనక అంటించుకుంటే, మాట్లాడలేని స్థితిలో కూడా పనికొస్తుంది. ఒకరోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకుంటున్నా, జ్వరంతో కడుపులోనో ఎడమ భుజంలోనో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, మలం నల్లగా వచ్చినా, క్లినిక్ కాదు, సర్జన్ ఉన్న పెద్దాసుపత్రి కావాలి.

మాత్రల చీటీలో దాగున్న కూడికలు

మల్టీవిటమిన్, కాల్షియం, ఇనుము, బి12, డి. బరువు తగ్గాక మానేసేవి కావు ఇవి, జీవితాంతం. బి12 నోటితో అయితే రోజుకు 350 నుంచి 1,000 మైక్రోగ్రాములు, ఇంజెక్షనైతే నెలకు 1,000. డి రోజుకు 3,000 యూనిట్లు. నెలసరి ఉన్న ఆడవాళ్లకు ఇనుము 45 నుంచి 60 మి.గ్రా. కాల్షియం 1,200 నుంచి 1,500.

కాల్షియం దగ్గరే లెక్క తప్పుతుంది. షాపులో తేలిగ్గా దొరికేది కార్బొనేట్, అది కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి. చిన్నబోయిన పొట్టలో ఆమ్లం తక్కువ, అందుకే సిట్రేట్ రాస్తారు. "రెండూ ఒకటేనండీ" అని షాపులో మార్చి ఇస్తే ఒప్పుకోనక్కర్లేదు. అయితే సిట్రేట్ మాత్ర మీద 1,000 మి.గ్రా. అని ఉన్నా అందులో అసలు కాల్షియం దాదాపు 210 మాత్రమే. ఎలిమెంటల్ కాల్షియం అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కూడాల్సింది ఆ అంకె. అలాంటివైతే రోజుకు ఆరు కావాలి, ఒకసారికి 500, 600 మించి ఒంట్లోకి చేరదు గనుక విడివిడిగా. ఇనుము, కాల్షియం మధ్య రెండు గంటలు, ఇనుముకూ టీకీ మధ్య కనీసం గంట. పొద్దున ఎనిమిదికి ఇనుమున్న మల్టీవిటమిన్, పదకొండుకు, నాలుగుకు, ఏడుకు కాల్షియం, పడుకునేముందు ఇనుము అని పెట్టుకుంటే కుదురుతుంది. అప్పుడు రాత్రి పాలు మాత్రం ఏడింటి కాల్షియం దగ్గరికి జరగాలి.

రక్తపరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏటా. ఇందుకోసం ప్రతిసారీ ఆపరేషన్ ఊరికి రైలెక్కాలనేం లేదు, జిల్లాకేంద్రంలో ఇచ్చి రిపోర్టు ఫోన్లో పంపొచ్చు. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు కట్టే అవకాశం ఉంది. ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్ మాత్ర ఆరు నెలలు రాసేది అందుకే. గ్యాస్ మాత్ర అనుకుని మధ్యలో ఆపేస్తుంటారు.

నొప్పి మాత్రలు, గుడాఖు, జీలుగు కల్లు

బైపాస్ అతుకు దగ్గర పుండు పడటానికి రెండు పెద్ద కారణాలు: డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, పొగాకు. మోకాలి నొప్పికి షాపులో విడిగా ఇచ్చే మాత్రల్లో ఎక్కువ ఇవే. పారాసెటమాల్‌కు ఆ భయం లేదు. పొగాకంటే సిగరెట్టే అనుకుని, పళ్లకు రుద్దే గుడాఖును, ఈ తీరంలో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డచుట్టను డాక్టరుకు చెప్పరు. ఆయనా అడగడు. కల్లు, ఇప్పసారా సంగతి వేరు. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి వేగంగా, ఎక్కువగా ఎక్కుతుంది. పాత అలవాటులో ముంత జీలుగు కల్లు దించిన మనిషి ఈసారి సగంలోనే తూలిపోతాడు.

డాక్టర్లే ఒక మాట మీద లేని చోట్లు

అన్నం మీద రెండు పక్షాలున్నాయి. ఆరు నెలలు మెతుకు ముట్టొద్దనేవాళ్ల వాదన: చోటు తినేస్తుంది, ముద్దకడుతుంది, పాత అలవాటు లాక్కుపోతుంది. రెండో పక్షం: అన్నం తినే ఇంట్లో పూర్తి నిషేధం మూడో నెలకే తెగుతుంది, తెగినప్పుడు కంచం నిండా తెగుతుంది, అంతకన్నా చివర్లో రెండు చెంచాలు మేలు. చేపా పప్పూ ముందు, అన్నం ఆఖర్న అనే వరుస నిలబడితే రెండో పక్షమే ఈ ఇళ్లకు పనిచేస్తుంది. వరుస తిరగబడే మనిషికి మొదటి పక్షమే సరి.

నీళ్ల నియమానికి, అన్నాన్ని నీళ్లు తొందరగా కిందికి తోసేసి మళ్లీ ఆకలి తెప్పిస్తాయని కారణం చెబుతారు. దీనికి గట్టి రుజువు తక్కువేనని కొందరంటారు, అది నిజమే. కానీ మొదటి నెలల్లో నీళ్లూ తిండీ కలిపితే కలిగే బిగుతు, వాంతి మాత్రం అందరూ ఒప్పుకునేదే.

ఇక బరువు తగ్గించే ఇంజెక్షన్లు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాక, కోత ఎందుకనే ప్రశ్న పెరిగింది. కొందరికి అది న్యాయమైన ప్రశ్నే. ఇంజెక్షన్ పేగుల దారి మార్చదు, జీవితాంతం ఇన్ని విటమిన్ల లెక్క ఉండదు. మరోవైపు, ఆపితే తగ్గిన బరువులో ఎక్కువ తిరిగి వస్తుంది, ఖర్చు ఆగదు. బరువు మరీ ఎక్కువున్నవాళ్లలో ఆపరేషన్‌తో తగ్గేదే ఎక్కువ. రెండిటిలో ఏది ఎంచుకున్నా, తక్కువ తిండిలో 60 గ్రాముల ప్రొటీన్ ఇమడ్చాల్సిన బాధ ఒకటే.

రెండో ఏడాది, ముడి డబ్బా

ఏడాది దాటాక ఆకలి తిరిగి వస్తుంది, పొట్ట కాస్త సాగుతుంది. ఇప్పుడు కంచం దగ్గర ఎవరూ తప్పు చేయరు. కంచంలోని చికెన్ ముక్క నాలుగు ముద్దలకే ఆపేస్తుంది. తప్పు జరిగేది సాయంత్రం ముడి గిన్నె దగ్గర. ముడి, కారప్పూస, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె చుక్క. నోట్లో కరిగి జారిపోతుంది, ఎక్కడా అడ్డం పడదు, నిండినట్టు పొట్ట చెప్పదు. 50 గ్రాముల ముడికి సుమారు 180 కేలరీలు, 30 గ్రాముల కారప్పూసకు మరో 160. ప్రొటీన్ నామమాత్రం. టీలో ముంచిన బిస్కెట్లు, ఐస్‌క్రీము, మిక్చరు ఇదే జాతి. చికెన్‌తో అన్ని కేలరీలు రావాలంటే ఒక్క పూటలో 200 గ్రాములు తినాలి, ఆ పొట్టలో పట్టదు. ముడి మాత్రం టీవీ ముందు రెండో గిన్నె కూడా పడుతుంది. బరువు మళ్లీ పెరుగుతోందని వచ్చేవాళ్లను పోషకాహార నిపుణులు భోజనం గురించి కాక, నాలుగు నుంచి ఏడు మధ్య నోట్లో ఏం పడిందని అడిగేది ఇందుకే.